ఫోన్లో టీవీ చూడ్డానికి చెన్నై దాకా

చెన్నైకి జనం పట్టుచీరల కోసం వెళ్తారు, కంటి ఆపరేషన్ కోసం వెళ్తారు, ఏ పనీ లేకపోతే సముద్రం చూడ్డానికి వెళ్తారు. నేను టీవీ చూడ్డానికి వెళ్లాను. అదీ ఫోన్లో. గూడూరులో ఇన్నేళ్లుగా కేబుల్ టీవీ నడుపుతున్న మనిషి టీవీ చూడ్డానికి బస్సెక్కి రాష్ట్రం దాటాడంటే, మిఠాయి కొట్టువాడు బెల్లంముక్క కోసం పొరుగూరు పోయినట్టే. అయినా పోవాల్సి వచ్చింది.

నెల్లూరు కంపెనీ ఒకటి నా లైన్లన్నీ కొంటానని కబురు మీద కబురు పెడుతోంది. వాళ్లకు నా కేబుల్ అక్కర్లేదు. స్తంభం నుంచి స్తంభానికి నేను వేసుకున్న దారి కావాలి, ఇంటర్నెట్ తీగలు లాక్కోవడానికి. ఇచ్చేస్తే ఆ రోజుతో నా పని సరి. ఇవ్వకపోతే ఏమవుతుందో తెలీదు. ఇంతలో చెన్నై మాధవరంలో ఉండే మా దామోదరం బావ ఫోన్ చేశాడు. టవర్ నుంచి నేరుగా ఫోనుకే టీవీ ప్రసారం చేసే కొత్త పద్ధతి వస్తోందట, తిరువొత్తియూరులో దాన్ని చూపించడానికి కేబుల్ వాళ్లందర్నీ పిలుస్తున్నారట. "వచ్చి చూసినాక తేల్చుకో రమణా" అన్నాడు. మా ఆవిడ సుజాత బ్యాగు సర్దిపెట్టి, "అమ్ముతారో అమ్మరో, ఒక మాట మీదికి వచ్చేయండి. మీ గొణుగుడు వినలేక చస్తుండా" అంది.

బయల్దేరే ముందు ఒక వస్తువు గురించి చెప్పాలి. నా చొక్కా జేబులో రెండు ఫోన్లుంటాయి. ఒకటి అందరికీ ఉండేది. రెండోది పాత బటన్ల ఫోను, కంప్లైంట్ ఫోను. దాని నంబరు మా ఊళ్లో నా ఇంటిపేరు కన్నా ఎక్కువ మందికి తెలుసు. లైను పోయిందంటే చాలు, అది మోగుతుంది. "రమణయ్యా, బతికుండావా?" అని మొదలుపెట్టి మా తాతల దాకా వెళ్లేవారు జనం. మా వృత్తిలో పనితనానికి కొలబద్ద అదే. మోగలేదంటే లైను నిక్షేపంగా ఉన్నట్టు. ఈ మూడు రోజుల్లో అది ఒక్క కంప్లైంటుకూ మోగలేదు. చెన్నైలో దీన్ని చూపించి నేను పోని గొప్పలు లేవు.

బస్సులో ఆగిపోయిన దేవుడు

ఒకప్పుడు బస్సులో వీడియో వేసేవారు. నచ్చినా నచ్చకపోయినా అందరం ఒకే సినిమా చూసి, అందరం కలిసి తిట్టుకునేవాళ్లం. ఇప్పుడు ఎవడి సినిమా వాడిది, శబ్దం మాత్రం అందరిదీ. నా ముందు సీట్లో వార్తలు, వెనక సీట్లో వంటలు, పక్క వరసలో ఎవరో పెద్దగా ఏడుస్తున్నారు. ఇయర్‌ఫోన్ అనే వస్తువు చెవికి పెట్టుకోవడానికని మన దేశంలో ఇంకా తెలిసినట్టు లేదు. మెడలో వేసుకుంటున్నారు.

నాయుడుపేటలో నిమ్మకాయల సంచీతో ఒక పెద్దావిడ ఎక్కి నా పక్కన కూర్చుంది. ఫోన్లో ఏదో గుళ్లో జరుగుతున్న కల్యాణం చూస్తోంది. తడ దాటాక సిగ్నల్ పోయింది. పూజారి తాళిబొట్టు ఎత్తిన చెయ్యి ఎత్తినట్టే ఆగిపోయింది. దేవుడి ముఖం ముందు ఒక చక్రం గిరగిరా తిరగసాగింది. ఆవిడ జోడించిన చేతులు దించలేదు.

"అమ్మా, అది ఆగిపోయింది. చేతులు నొప్పి పుడతాయి, దించండి" అన్నాను.

"స్వామి ఆడ పీటల మీద నిలబడిపోయుంటే నేను చేతులు దించేదా? నీకు తొందరైతే నువ్వు దిగిపో నాయనా" అందావిడ.

ఆరంబాక్కం దగ్గర టవర్ మళ్లీ అందింది. ఈ లోపల కల్యాణం అయిపోయి ప్రెషర్ కుక్కర్ ప్రకటన వస్తోంది. ఆవిడ ఏమాత్రం తగ్గకుండా కుక్కర్‌ను కళ్లకద్దుకుంది. "ఆ కుక్కర్ కంపెనీ ఆయనే గదా ఈ కల్యాణం చేయిస్తా ఉండేది" అని నాకు వివరించి, సంచీలోంచి ఒక నిమ్మకాయ తీసి ప్రసాదమన్నట్టు నా చేతిలో పెట్టింది. మా గూడూరు నుంచి నిమ్మకాయలు దేశమంతా పోతాయి. గూడూరువాడికి నాయుడుపేట నిమ్మకాయ ఇచ్చినవాళ్లు మాత్రం ఆవిడొక్కతే.

మాధవరం: టీవీకి ముసుగు

బావ వాళ్లు నాలుగు తరాల కింద చెన్నపట్నం చేరినవాళ్లు. ఇల్లు మాధవరంలో పాల కాలనీకి దగ్గర. అందువల్ల కాఫీకి లోటు లేదు. ఇత్తడి డబరాలో అక్క ఇచ్చిన కాఫీ తాగితే, మా ఊరి బస్టాండులో పదిహేను రూపాయలకు కాఫీ అని ఇచ్చేదాన్ని ఏమనాలో అర్థం కాదు.

మా వైపు ఇంటికి చుట్టం వస్తే మర్యాదకి టీవీ పెడతారు. ఇక్కడ టీవీకి పూల అంచు గుడ్డ కప్పి, దాని ముందు ఇడ్లీ పిండి గిన్నె పెట్టారు. నేను ఆ గుడ్డ వంక చూస్తుంటే బావ నవ్వాడు.

"ఈడ టీవీ ఎవురు చూస్తారు రమణా? సుమ్మా, ఊరికే గోడకుంది. తీసేస్తే గోడ మీద మచ్చ కనిపిస్తుంది, అందుకని ఉంచినాము."

సాయంత్రం ఇడియాప్పం, కొబ్బరిపాలు పెట్టారు. బావ తమిళ వార్తలు, అక్క తెలుగు సీరియల్, వాళ్లమ్మాయి ఏదో పాటల పోటీ, ఎవరి ఫోను వాళ్లు నీళ్ల గ్లాసుకు ఆనించుకుని తింటున్నారు. నీళ్లు తాగితే బొమ్మ పడిపోతుందని తినడం అయ్యేదాకా ఎవరూ గ్లాసు ముట్టుకోలేదు. పక్కింటావిడా అక్క చూసే సీరియలే చూస్తోంది, ఆవిడ ఫోనులోనే. ఇటు అక్క ఫోన్లో అత్త కోడల్ని కొట్టిన కాసేపటికి గోడ అవతల అదే చెంపదెబ్బ మళ్లీ వినిపించింది. ఒక్క దెబ్బకు కోడలు రెండిళ్లలో ఏడ్చింది.

అప్పుడే సుజాత ఫోన్ చేసింది, ఊళ్లో ఉరుములూ వానా అని. ఉరిమితే మా లైనుకు గండం. నేను కంప్లైంట్ ఫోను తీసి బల్ల మీద పెట్టుకుని కూర్చున్నాను. గంట గడిచింది. మోగలేదు. చార్జింగ్ ఉందా అని బావ అనుమానపడి తన ఫోను నుంచి దానికి చేశాడు. ఇల్లదిరేలా మోగింది.

"ఆమా, బాగానే ఉంది" అన్నాడు బావ.

"చూశావా బావా? పిడుగులు పడుతున్నా ఒక్క కంప్లైంటు లేదు. లైనంటే అట్లుండాల. మీ టవర్లు రెండు చినుకులకే పడుకుంటాయి."

బావ సెరి సెరి అని మళ్లీ తన ఫోనును గ్లాసుకు ఆనించుకున్నాడు.

వాషర్‌మెన్‌పేట్: నోట్లో మురుకు

రెండో రోజు బావ నన్ను వాషర్‌మెన్‌పేట్‌లో వాళ్ల పెదనాయన దగ్గరికి తీసుకెళ్లాడు. ఆయన పేరు బాలయ్య నాయుడు. ఆ వీధి మొత్తానికి కేబుల్ కనెక్షన్ ఉన్నది ఆయనకొక్కడికే అని చెప్పగానే, తప్పిపోయిన తమ్ముణ్ణి చూడబోతున్నంత ఆత్రంగా వెళ్లాను.

వెళ్లేసరికి ఇండియా ఆట నడుస్తోంది. కింద వరండాలో నాయుడుగారు పెద్ద టీవీ ముందు ఈజీచైర్లో కూర్చున్నారు. ఒళ్లో మురుకుల డబ్బా. ఎదురు డాబా మీద కుర్రకారు తలా ఒక ఫోను పట్టుకున్నారు. గుమ్మం పక్కన పూలు కట్టే కనకమ్మ తన పాత ఫోనును పూలబుట్టకు ఆనించుకుంది. నేను నమస్కారం పెట్టాను. అదే సమయానికి టీవీలో వికెట్ పడింది. నాయుడుగారు నాకు జవాబు చెప్పకుండా గబుక్కున మురుకు తీసి నోట్లో కుక్కుకున్నారు.

ఆయనకు ఏదో అయిందని నేను భయపడ్డాను. బావ నా భుజం నొక్కి ఆగమన్నాడు. కాసేపటికి డాబా మీద ఒకడు ఎగిరాడు, తర్వాత ఇంకొకడు. ఆ తర్వాత మూడో ఇంట్లోంచి కేక. అందరికన్నా ఆఖర్న కనకమ్మ తలెత్తి, "ఆ, అవుటు!" అంది. అప్పుడు నాయుడుగారు మురుకు మింగి, నీళ్లు తాగి, కుర్చీలోంచి లేచి "అవుటో!" అని అరిచారు.

అది ఆ వీధి కట్టుబాటు. కేబుల్లో బొమ్మ ముందొస్తుంది. ఫోన్లకు, ఏ ఫోను ఓపికను బట్టి ఆ ఫోనుకు, వెనక్కి వెనక్కి వస్తుంది. నాయుడుగారు వెంటనే అరిస్తే తమ ఆట చెడిపోతోందని వీధిలో గొడవైంది. పెద్దమనుషులు కూర్చుని తీర్పు చెప్పారు: నాయుడుగారు చూడొచ్చు, కానీ వీధిలో అన్నిటికన్నా నెమ్మదైన ఫోనులో బొమ్మ వచ్చేదాకా నోరు తెరవకూడదు. ఆ ఫోను కనకమ్మది. ఆయన అరుపుకు అనుమతి ఆవిడే ఇవ్వాలి.

"మీకు కష్టంగా లేదా?" అనడిగాను.

"అరవాల్సినప్పుడు అరవాల నాయనా. ఆలస్యమైతే అరుపు చల్లారిపోతాది. చల్లారినాక అరిస్తే అది దగ్గు కిందికే వస్తాది" అన్నారు నాయుడుగారు.

"మరి ఫోన్ల వాళ్లే కొంచెం వేగంగా చూడొచ్చు గదా?"

"ఎట్ల చూస్తారు? అప్పురం ఇంకో తమాషా విను. నేను మురుకు నోట్లో పెట్టినానంటే ఏమో అయిందని ఆ పైనుండే వాళ్లకి తెలిసిపోతా ఉంది. ఫోను చూడకుండా నా దవడ చూస్తా ఉండారు. అందుకని నిన్న మళ్లీ మీటింగ్ పెట్టినారు. వచ్చే ఆట మొదలైనప్పట్నించి అయిపోయేదాకా మురుకు నమలతానే ఉండాలంట."

నవ్వి నవ్వి నా కళ్లలో నీళ్లొచ్చాయి. ఆయన నవ్వలేదు. డబ్బా నా వైపు జరిపి, "నువ్వూ కేబులోడివే గదా, తిను" అన్నారు. పళ్లు లేని మనిషికి ఓవర్ల తరబడి మురుకు నమలడం ఎంత కష్టమో అప్పుడు తోచింది.

నేను జేబులోంచి కంప్లైంట్ ఫోను తీసి చూపించి, రెండు రోజులుగా ఒక్క ఫోనూ లేదని చెప్పాను. నాయుడుగారు దాన్ని అటూ ఇటూ తిప్పి చూశారు.

"మా కేబులోడికి నేను దినమూ ఫోన్ చేస్తాను. బొమ్మ బాగున్నా చేస్తాను. లేకపోతే నేనుండానని వాడికి గుర్తుండదు" అన్నారు.

ముసలాయన చాదస్తం అనుకున్నాను. బయటికొచ్చి ఆ పక్క సందులో 'అత్తో' అనేదొకటి తిన్నాం. బర్మా నుంచి వచ్చినవాళ్లు తెచ్చిన నూడుల్స్, మీద కాల్చిన వెల్లుల్లి, అరటి బోదె రసం. ప్లేటు యాభై. మా వైపు అరటి బోదెను పెళ్లి పందిరికి కడతారు గానీ ఇలా రసం కాచి తాగించరు.

తిరువొత్తియూరు: పెళ్లి కుర్చీల ముందు

మూడో రోజు పొద్దున్నే లోకల్ రైల్లో వెళ్లాం. ఎదురుగా కూర్చున్నాయన ఫోన్లో సినిమా చూస్తున్నాడు. కొరుక్కుపేటలో హీరో చెయ్యెత్తాడు, తండయార్‌పేట దాటాక విలన్ పడ్డాడు. మధ్యలో టవర్ లేదు.

ప్రదర్శన ఒక కల్యాణ మండపంలో. ముందురోజు పెళ్లి తాలూకు పూలు ఇంకా వాడలేదు, వధూవరుల కుర్చీలు వేదిక మీదే ఉన్నాయి. కంపెనీ పేరు చెప్పను గానీ, ఆ చుట్టుపక్కల కేబుల్ వాళ్లందర్నీ పేరుపేరునా పిలిచారు. కోళ్లను పిలిచి బిర్యానీ మసాలా ఎలా ఉందో చెప్పమన్నట్టుంది. మేమూ సిగ్గులేకుండా అందరం వచ్చాం, భోజనం ఉందన్నారు కాబట్టి.

భార్గవి అనే అమ్మాయి మైకు పట్టుకుని వివరించింది. మొదట తమిళంలో, మేము నలుగురైదుగురం తెల్లముఖాలు వేస్తే తెలుగులో.

"ఇప్పుడు మీరు ఫోన్లో టీవీ చూస్తే, టవర్ ఒక్కొక్కరికీ తనిగా పంపిస్తుంది. వెయ్యి మంది చూస్తే వెయ్యి సార్లు. అందుకే చక్రం తిరిగేది. ఇందులో అట్లా కాదు. టవర్ ఒక్కసారే వదుల్తుంది, అందరి ఫోన్లూ పట్టుకుంటాయి. డేటా ఖర్చు కాదు. అందరికీ ఒకే టైమ్‌కి వస్తుంది."

నేను చెయ్యెత్తాను. "అమ్మాయ్, ఒక చోట వదిలితే అందరిళ్లకీ ఒకేసారి పోయేదాన్ని మా ఊళ్లో టీవీ అంటారు. ఇది నేను ఎప్పట్నించో చేస్తానే ఉండా."

మండపం గొల్లుమంది. ఆ అమ్మాయీ నవ్వింది. "ఆమా అంకుల్, అదే. వైరు మాత్రం లేదు" అంది.

ఆ నవ్వుల్లో నా నవ్వు ముందుగా ఆగింది.

తర్వాత తలా ఒక ఫోను ఇచ్చారు. అన్నిట్లో ఒకే హాస్య కార్యక్రమం. ఇక్కడ ఒక నిజం చెప్పాలి. జోకు రాగానే మండపంలో ఉన్నవాళ్లందరం ఒక్కసారే నవ్వాం. ముందూ వెనకా లేదు, మురుకూ లేదు. నేను మొదటిసారి మా వీధికి లైను లాగిన రోజు, ఇళ్లన్నిట్లోంచీ ఒకే పాట వినిపిస్తే రోడ్డు మీద నిలబడి విన్నాను. ఆ సంతోషం ఆ మండపంలో మళ్లీ నా ఒంటికి తగిలింది. వీళ్ల మీద అసూయ పుట్టింది.

తేరుకుని, నా సొంత ఫోను ఇచ్చి ఇందులో పెట్టమన్నాను.

"ఇందులో రాదు అంకుల్. దీనికి వేరే చిప్ కావాలి. కొత్త ఫోన్లలో వస్తుంది."

"ఎప్పుడొస్తాయి ఆ ఫోన్లు?"

"వచ్చేస్తాయి అంకుల్."

మా ఊరి రైల్వే గేటు మీద వంతెన కూడా వచ్చేస్తుందనే చెబుతారు. నా ప్రాణం లేచి వచ్చింది. "సరే, చెడిపోతే ఎవర్ని తిట్టాలి? మీది టోల్ ఫ్రీ నంబరా? ఒకటి నొక్కి, రెండు నొక్కి, పాట విని, అప్పుడు తిట్టాలంటే కోపం ఆగుతుందా? తిట్టడానికి మనిషి కావాలమ్మా" అన్నాను.

"ఇందులో కంప్లైంటే రాదు అంకుల్."

అంతే, నేను కంప్లైంట్ ఫోను తీసి పైకెత్తాను. "మూడు రోజులైంది నేను ఊరొదిలి. ఉరుములు, పిడుగులు. ఒక్క కంప్లైంటు రాలా. వైరంటే ఇదీ!" కేబుల్ వాళ్లందరూ చప్పట్లు కొట్టారు. వెనక ఒకాయన ఈల కూడా వేశాడు. ఇంతలో భోజనాలన్నారు, భవిష్యత్తును కుర్చీల మీద వదిలేసి అందరం లేచాం.

మధ్యాహ్నం బస్సుకు ముందు సముద్రం ఒడ్డున వంజరం వేపుడు తిన్నాం. చేప మా నెల్లూరు పులుసు ముందు నిలవదు గానీ వేపుడుగా వంక పెట్టడానికి లేదు. తింటూ బావకు చెప్పేశాను.

"అమ్మను బావా. వైరు పీకేది లేదు."

"నీ ఇష్టం రమణా. అయినా ఇంటికి పోయి ఇంకోసారి యోచన చెయ్" అన్నాడు బావ.

గూడూరు

దారి పొడుగునా సుజాతకు చెప్పాల్సిన మాటలు తయారు చేసుకున్నాను. నాయుడుగారి మురుకు, చిప్ లేని ఫోను, నాకు కొట్టిన చప్పట్లు. దీపాలు పెట్టే వేళకు ఇల్లు చేరాను. సుజాత ఫోనును పప్పుడబ్బాకు ఆనించి సీరియల్ చూస్తూ చిక్కుడుకాయలు ఒలుస్తోంది.

"అమ్మేది లేదని తేల్చేశాను" అన్నాను చెప్పులు విప్పకుండానే. "మూడు రోజులు నేను లేకపోయినా లైను ఎట్ల పని చేసిందో చూశావుగా?"

"నేనేం చూశానండీ, ఫోన్లో చూస్తుండా. సర్లే, కాళ్లు కడుక్కోండి."

మేడ మీది కంట్రోల్ రూము తలుపు తీశాను. ఎప్పుడూ వేడిగా, సన్నగా రొద పెట్టే గది చల్లగా ఉంది. ఒక్క లైటు వెలగడం లేదు. గోడ మీద మెయిన్ స్విచ్ ట్రిప్పయి కిందికి పడి ఉంది.

కిందికి కేకేశాను. సుజాత చేతిలో చిక్కుడుకాయతోనే మెట్ల దగ్గరికొచ్చింది.

"మీరు పోయిన సాయంత్రం ఉరిమింది గదా, అప్పుడు ఇంట్లో కరెంటు పడిపోయింది. కింది స్విచ్ నేను వేసినా. పైదానికి ఇంకోటి ఉందని తోచలేదండీ."

అంటే, నేను మాధవరంలో బల్ల మీద ఫోను పెట్టుకుని గొప్పలు చెబుతున్నప్పుడు లైను చచ్చిపోయింది. నాయుడుగారికి చూపించినప్పుడు చచ్చే ఉంది. మండపంలో పైకెత్తి ఊపినప్పుడూ చచ్చే ఉంది. మూడు రోజులు ఊరికి టీవీ లేదు. ఊరికి ఆ సంగతి తెలియదు. ఒక్కడైనా ఫోన్ చేసి మా తాతను తిట్టి ఉంటే, వాడి కాళ్లకు దండం పెట్టేవాణ్ణి.

స్విచ్ పైకెత్తాను. లైట్లు ఒక్కొక్కటే వెలిగాయి, రొద మొదలైంది. నేనింకా తలుపు దగ్గరే ఉన్నాను, జేబులో కంప్లైంట్ ఫోను మోగింది.

జేబులోంచి లాగి చెవికి పెట్టుకున్నాను. ఎవరో ఒకరు ఉన్నారు. ఎవరో ఒకరు చూస్తున్నారు.

"చెప్పండి!" అన్నాను.

"ఏందన్నా నువ్వు!" వెనక వీధి పద్మ గొంతు, వెనక పసిబిడ్డ ఏడుపు. "టీవీ ఉన్నట్టుండి అరిచింది. బిడ్డను ఇప్పుడే గదన్నా నిద్రబుచ్చినా. ఉలిక్కిపడి లేచింది."

"లైను ఇప్పుడే వచ్చిందమ్మా..."

"వచ్చిందో పోయిందో నాకు తెలీదు. అది ఆన్‌లోనే ఉందని కూడా మాకు తెలీదు. రిమోట్ యాడుందో కనబళ్లా, స్విచ్చేమో బీరువా వెనకాల. నువ్వే ఆడనించి ఆపెయ్ అన్నా, పుణ్యముంటాది."

బిడ్డ ఏడుస్తూనే ఉంది. దాని మీదుగా, ఆ ఇంట్లో నా టీవీ కుక్కర్ ప్రకటన పాడుతోంది.

స్విచ్ దించి ఆపేశాను. ఆ తర్వాత ఇంకెవరూ ఫోన్ చేయలేదు.